కాలువ పని – గుండ్లకమ్మ బాప్తిస్మములు: నిలిచే మార్పును గూర్చి ఒంగోలు చరిత్ర చెప్పే పాఠము

సమాజాభివృద్ధి పరిచర్య చేసే ప్రతి సంఘానికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: సహాయం ఆగిపోయిన తరువాత ఏమి మిగులుతుంది? ఈ ప్రశ్నకు మన తెలుగు సంఘ చరిత్రలోనే ఒక విలువైన ఉదాహరణ ఉన్నది. అది 1876-78 నాటి ధాత కరువు కాలంలో ఒంగోలు ప్రాంతంలో జరిగిన పరిచర్య.

కరువుకు ముందు

అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అయితే అక్కడి మాదిగ పల్లెల్లో కదలిక ఆయనతో మొదలు కాలేదు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన ఎర్రగుంట్ల పేరయ్య అంతకు ముందే సువార్త విని తన వారికి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందారు.

విశ్వాసులు మూడు నియమములు పాటించారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహములను పూజించకూడదు. ఇవి కేవలం మతాచారములు కావు. రైతుకు చెప్పులు, కపిల తోలుబొక్కెనలు కుట్టి ఇవ్వడం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం మాదిగల విధి. దానికి ప్రతిఫలం గింజలు. డప్పు మానుకోవడమంటే ఆ కట్టుబాటును కాదనడమే. అందుకే వారు హింసలు, వెలివేతలు అనుభవించారు. కరువుకు పదేళ్ల ముందే ఈ వెల చెల్లించిన వారున్నారని మనం గమనించాలి.

కూలియే గాని భిక్ష కాదు

కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకున్నాడు. యౌవనంలో అమెరికాలో నేర్చిన సర్వే పని ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆకలితో వచ్చిన వారికి పని, పనికి కూలి దొరికాయి. స్థానిక బోధకులే మేస్త్రీలుగా నిలిచి, విశ్రాంతి వేళల్లో సువార్త చెప్పారు.

అనేకులు బాప్తిస్మము కోరినా, క్లౌ ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చిన వారెవరో, విశ్వసించి వచ్చిన వారెవరో తేలాలని ఆయన ఉద్దేశం. సహాయ నిధులు ముగిసిన తరువాత, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద బాప్తిస్మములు ఆరంభమైనవి. జూలై 2న 614, 3న 2,222, 4న 700 మంది, మొత్తం 3,536 మంది. మూడు దినములలో ఇంతమంది చేరడం పెంతెకొస్తు దినమును జ్ఞాపకం చేస్తుంది.

పరిశీలన

ఇంత త్వరగా చేర్చుకోవడం సరియేనా అని ఆనాడే విమర్శ వచ్చింది. ఆ విమర్శను తోసిపుచ్చలేము. ఆకలి జ్ఞాపకం నిధులతో పాటు ముగిసిపోదు. ఆపదలో ఆదుకున్న వాని మాటకు సహజంగానే బలం ఉంటుంది. అలాగే, కాలువ కూలి కొంతకాలం పల్లెను రైతు గింజల మీద ఆధారం నుండి విడిపించినా, భూమిని ఇవ్వలేదు. పని ముగిశాక అనేకులు మళ్లీ అదే రైతు పొలానికి వెళ్లవలసి వచ్చింది. మిషను మీద ఆధారపడే అలవాటు కూడా పెరిగింది.

అయితే నిలిచినదేమిటి? పల్లెల్లో సంఘములు, ఆ పల్లెల నుండే లేచిన బోధకులు, బిడ్డలకు అక్షరములు నేర్పిన బడులు. అప్పటికే రామాయపట్నంలో బోధకులకు వేదాంత శిక్షణ ఆరంభమై ఉంది. కాలువ పని ముగిసిపోయింది గాని, ఆ పల్లె మనుష్యుల పరిచర్య ముగియలేదు.

నేటి సేవకులకు

ఈ చరిత్ర మన యెదుట మూడు ప్రశ్నలు ఉంచుతున్నది. మన సహాయం మనుష్యుని గౌరవాన్ని నిలుపుతున్నదా? సహాయానికీ విశ్వాసపు ఒప్పుకోలుకూ మధ్య తగిన ఎడం ఉంచుతున్నామా? మనం వెళ్లిపోయిన మరునాడు పని కొనసాగించే పేరయ్యలు ఆ ఊరిలో ఉన్నారా? మూడవ ప్రశ్నకు జవాబు లేని ప్రాజెక్టు, ఎంత మంచిదైనా, నిధులతోనే ముగుస్తుంది.