సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఎఫ్‌బీఐ జాబితాలో పేరు పడుతుందా? అమెరికాలో 21 ఏళ్ల లోపు వారి గన్ చెకింగ్, వైద్య రహస్యం

షికాగో, డల్లాస్ లాంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడే పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకొచ్చారు. ఆ వయసు పిల్లాడు ఎవరితో మాట్లాడకుండా, రాత్రిళ్లు నిద్రపోకుండా గదిలోనే ఉంటున్నాడనుకోండి. సైకియాట్రిస్ట్‌కి చూపిద్దామంటే ఇంట్లో పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట, "వద్దు, రికార్డు పడిపోతుంది". గన్ కొనేవాళ్ల మానసిక ఆరోగ్యాన్ని ప్రభుత్వం చూస్తుందని వార్తల్లో విన్నాక ఈ భయం ఇంకా పెరిగింది.

ముందే చెప్పేద్దాం. డాక్టర్ దగ్గరికి వెళ్లినందుకో, మందులు వాడినందుకో, కౌన్సెలింగ్ తీసుకున్నందుకో ఎఫ్‌బీఐ గన్ జాబితాలో పేరు చేరదు. ఆ జాబితాలో ఏముంటుంది, ఏముండదు అన్నది కింద వివరంగా చూద్దాం.

ఎవరు కొనొచ్చు?

1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న షాపులో చేతి తుపాకీ (పిస్టల్, రివాల్వర్) కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. రైఫిల్, షాట్‌గన్‌కి 18 చాలు. 18 నుంచి 20 ఏళ్ల వాళ్లకి పిస్టల్ అమ్మకూడదన్న నిబంధన చెల్లుతుందా లేదా అన్నదానిపై 2025లో రెండు అప్పీల్ కోర్టులు ఒకదానికొకటి పొంతన లేని తీర్పులిచ్చాయి.

స్టూడెంట్ వీసా (ఎఫ్-1), హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు కూడా. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి, పౌరులకి ఈ అడ్డు లేదు. కాబట్టి ఇది ముఖ్యంగా అక్కడే పుట్టి పెరిగిన పిల్లల సంగతి.

చెకింగ్ ఎలా జరుగుతుంది?

కొనేవాడు షాపులో 4473 అనే ఫారం నింపుతాడు. షాపువాళ్లు ఆ వివరాలు ఎఫ్‌బీఐ నడిపే 'నిక్స్' అనే వ్యవస్థకి పంపుతారు. కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర పోలీసు విభాగమే ఈ పని చూస్తుంది. 1993 నాటి బ్రేడీ చట్టం వల్ల వచ్చిన ఈ వ్యవస్థ 1998 నవంబర్ 30న మొదలైంది. జవాబు మూడు రకాలుగా వస్తుంది: అమ్మొచ్చు, ఆగండి, అమ్మొద్దు. 'ఆగండి' అన్నాక మూడు పనిదినాల్లో తుది జవాబు రాకపోతే, ఫెడరల్ చట్టం ప్రకారం షాపువాడు అమ్మేయొచ్చు. 2015లో చార్ల్స్‌టన్ చర్చిలో 9 మందిని చంపిన 21 ఏళ్ల యువకుడికి పిస్టల్ అలాగే చేతికొచ్చింది.

ఇదంతా షాపుల విషయం. ప్రైవేటుగా ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటే ఫెడరల్ చట్టం చెకింగ్ అడగదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం అడుగుతాయి.

జాబితాలోకి వెళ్లే వైద్య సమాచారం ఎంత?

వెళ్లేవి ముఖ్యంగా రెండు. ఒకటి, మానసిక స్థితి వల్ల ఈ మనిషి తనకో ఇతరులకో ప్రమాదమని కోర్టు గానీ, చట్టబద్ధమైన బోర్డు గానీ తేల్చిన సందర్భం. రెండు, అధికారిక ఆదేశంతో బలవంతంగా మానసిక ఆసుపత్రిలో చేర్పించిన సందర్భం. ఫెడరల్ నిబంధనల ప్రకారం తనంతట తాను చేరితే అది లెక్కలోకి రాదు. పరిశీలన కోసం కొద్దిరోజులు ఉంచినా రాదు.

రోగి వివరాలు బయటపెట్టకూడదని 'హిపా' అనే చట్టం ఉంది (1996). దాని నిబంధనల్లో 2016లో చిన్న సడలింపు ఇచ్చారు. పైన చెప్పిన రెండు రకాల సమాచారం పంపే బాధ్యత ఉన్న కొన్ని సంస్థలు నిక్స్‌కి మనిషి పేరు, పుట్టిన తేదీ లాంటి గుర్తింపు వివరాలు పంపొచ్చు. జబ్బు పేరు, మందుల చీటీ, డాక్టర్ రాసుకున్న నోట్స్ పంపడానికి వీల్లేదు.

అసలు పంపాల్సిన పేర్లే ఏళ్ల తరబడి వెళ్లలేదు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మందిని చంపిన విద్యార్థి తనకు తాను ప్రమాదమని 2005లోనే కోర్టు తేల్చింది. కానీ ఆసుపత్రిలో ఉంచకుండా బయటి నుంచి చికిత్స తీసుకోమంది. ఇలాంటివి పంపక్కర్లేదని రాష్ట్రం అనుకుంది. అతను చెకింగ్ దాటి రెండు పిస్టళ్లు కొన్నాడు. ఆ తర్వాతే, 2008లో, రాష్ట్రాలు రికార్డులు పంపేలా ప్రోత్సహించే చట్టం వచ్చింది.

2022 చట్టంతో ఏం మారింది?

2022 మేలో పది రోజుల తేడాతో రెండు ఘోరాలు జరిగాయి. బఫెలోలో సూపర్ మార్కెట్లో 10 మంది, యువాల్డేలో స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. కాల్చిన ఇద్దరికీ 18 ఏళ్లే. జూన్ 25న బైడెన్ కొత్త చట్టంపై సంతకం పెట్టారు.

దాని ప్రకారం 21 లోపు వాడు షాపులో కొనబోతే మూడు చోట్ల అదనంగా అడుగుతారు: రాష్ట్రంలో బాల నేరస్తుల రికార్డులు చూసే విభాగం, మానసిక ఆరోగ్యంపై కోర్టు ఆదేశాలు భద్రపరిచే విభాగం, కొనేవాడు ఉండే ఊరి పోలీసులు. అనుమానించే విషయం దొరికితే గడువు 10 పనిదినాల దాకా పెరుగుతుంది. అయితే 16 ఏళ్లు నిండకముందు బలవంతంగా ఆసుపత్రిలో చేర్చిన సంఘటన ఉంటే, దాని ఆధారంగా తర్వాత ఆపకూడదని కూడా రాశారు. చిన్నప్పటి కష్టం జీవితాంతం వెంటాడకూడదన్నది ఉద్దేశం. సీల్ చేసిన పాత రికార్డులు ఇచ్చి తీరాలని రాష్ట్రాలను ఈ చట్టం బలవంతం చేయలేదు. అందుకే ఒక రాష్ట్రంలో దొరికేది పక్క రాష్ట్రంలో దొరకదు.

చెకింగ్‌కి అందనివి

బఫెలో యువకుడి సంగతే తీసుకోండి. చంపి చనిపోతానని అర్థం వచ్చేలా 2021లో స్కూల్లో రాశాడు. పోలీసులు మానసిక పరీక్షకి తీసుకెళ్లారు. డాక్టర్లు చూసి పంపేశారు. కోర్టు ఆదేశం లేదు కాబట్టి జాబితాలో పేరూ లేదు. మరుసటి ఏడాది చట్టబద్ధంగానే తుపాకీ కొన్నాడు.

2023 మే 6న డల్లాస్ దగ్గర ఆలెన్ మాల్‌లో 8 మంది చనిపోయారు. వాళ్లలో మన తెలుగు అమ్మాయి ఒకరు, ఇంజనీరు. కాల్చినవాడికి 33 ఏళ్లు. 2008లో సైన్యంలో చేరిన కొన్ని నెలలకే, శిక్షణ పూర్తి కాకుండానే, మానసిక ఆరోగ్య కారణాలతో పంపించేశారని అప్పట్లో వార్తలొచ్చాయి. అలా పంపేయడం కూడా జాబితాలోకి రాదు.

అంటే ఈ చెకింగ్ చూసేది కాగితం మీద ఉన్న ఆదేశాన్ని. మనిషి మనసులో ఏముందో అది చూడలేదు. అది ముందుగా తెలిసేది ఇంట్లోవాళ్లకే.

షికాగో కుటుంబాలు గమనించాలి

ఇలినాయ్‌లో రూల్స్ వేరు. అక్కడ తుపాకీకి ముందు 'ఫోయిడ్' కార్డు కావాలి. గత 5 ఏళ్లలో మానసిక వైద్యశాలలో చేరి ఉంటే, సొంతంగా చేరినా సరే, కార్డు ఇవ్వరు. ప్రమాదకరంగా కనిపించిన వ్యక్తి గురించి డాక్టర్లు రాష్ట్రానికి చెప్పాలి కూడా.

21 లోపు వాళ్లకి కార్డు కావాలంటే తల్లిదండ్రుల సంతకం ఉండాలి. ఆ సంతకం ఎంత బరువైనదో హైలాండ్ పార్క్‌లో తెలిసింది. ఇంట్లో అందరినీ చంపుతానన్నాడని 2019 సెప్టెంబర్లో పోలీసులు వచ్చి ఆ యువకుడి ఇంట్లో కత్తులు తీసుకెళ్లారు. డిసెంబర్లో తండ్రి అతని ఫోయిడ్ దరఖాస్తుపై సంతకం పెట్టాడు. 2022 జూలై 4 పరేడ్‌లో అతను 7 మందిని చంపాడు. తండ్రి 2023లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు.

రహస్యం ఎక్కడిదాకా?

పిల్లలకి 18 నిండితే వాళ్ల అనుమతి లేకుండా డాక్టర్ అమ్మీ అబ్బాలకి కూడా మామూలుగా వివరాలు చెప్పడు. కానీ తీవ్రమైన ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే, దాన్ని ఆపగలిగే వాళ్లకి చెప్పడానికి హిపా ఒప్పుకుంటుంది. ఈ ఆలోచనకి మూలం 1976 నాటి కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 'టారసాఫ్' తీర్పు. 1969లో బర్క్‌లీలో భారతీయ విద్యార్థి ఒకడు తాను ఇష్టపడ్డ అమ్మాయిని చంపాడు. చంపాలనుకుంటున్నట్టు ముందే సైకాలజిస్టుకి చెప్పాడు. సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకి చెప్పినా ఆ అమ్మాయిని ఎవరూ హెచ్చరించలేదు. బయటి మనిషి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు కాపాడే ప్రయత్నం చేయడం వైద్యుడి బాధ్యత అని కోర్టు తేల్చింది. ఇంకో మాట, డాక్టర్ మీకు చెప్పకపోవచ్చు గానీ, మీకు తెలిసింది డాక్టర్‌కి చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు కాదు.

రికార్డులు ఇంకా విస్తారంగా వెతకాలని కొందరంటారు. అలా చేస్తే జనం డాక్టర్ల దగ్గరికి రావడమే మానేస్తారని ఇంకొందరంటారు. రెండో మాట తేలిగ్గా తీసుకోలేం. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. సమయానికి అందిన చికిత్స ముందుగా కాపాడేది ఆ మనిషి ప్రాణాన్నే.

మన దేశంలో

1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 నిండనివాళ్లకి తుపాకీ లైసెన్సు రాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు రహస్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ఇతరులకి హాని జరగకుండా ఆపాల్సి వస్తే మినహాయింపు ఉంది.

ఇంట్లో చేయాల్సినవి

- చికిత్స వాయిదా వేయొద్దు. రికార్డు భయం ఉంటే మీ రాష్ట్ర రూల్ ఏమిటో డాక్టర్‌నే అడగండి.
- ఇంట్లో తుపాకీ ఉంటే గుండ్లు తీసి లాక్ చేయండి. గుండ్లు వేరేచోట పెట్టండి. పిల్లల మనసు బాగాలేనప్పుడు అసలు ఇంట్లోనే ఉంచొద్దు.
- 21 లోపు వాళ్ల కోసం సంతకం పెట్టేముందు, కొనిచ్చేముందు బాగా ఆలోచించండి.
- ప్రమాదం అనిపిస్తే ఇరవైకి పైగా రాష్ట్రాల్లో 'రెడ్ ఫ్లాగ్' చట్టం కింద కోర్టు ద్వారా తుపాకులు తాత్కాలికంగా తీయించొచ్చు. ఇలినాయ్, కాలిఫోర్నియాల్లో కుటుంబ సభ్యులే కోర్టుని అడగొచ్చు. టెక్సాస్‌లో ఈ చట్టం లేదు. అక్కడ పోలీసులకి, డాక్టర్‌కి చెప్పడమే దారి.
- అమెరికాలో 988కి, మన దగ్గర టెలీ మానస్ 14416కి ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు.