మసి పొరలలో తారల చరిత్ర

ముదురెరుపు తారలు కొన్నింటి వర్ణపటం తక్కినవాటికి భిన్నమని రోమ్ నగరంలో జెసూట్ మతాచార్యుడు ఆంజెలో సెక్కీ 1860ల చివర గుర్తించి, వాటిని వేరొక వర్గంగా విడదీశాడు. అవే కర్బన తారలు. వార్ధక్యంలో ఇవి ఉబ్బి తమ పదార్థాన్ని విడుస్తాయి. అది చల్లబడి మసిగా మారి, లాంతరు చిమ్నీకి పట్టిన నల్లదనం దీపాన్ని కప్పినట్లు, తారనే మరుగుపరుస్తుంది. మామూలు కాంతిలో మసకబారిన సింహరాశిలోని సి.డబ్ల్యు. తార 1969 నాటికి పరారుణ కాంతిలో అత్యంత ఉజ్జ్వలంగా బయటపడటం అందువల్లనే.

1999లో మొరోన్, హగ్గిన్స్ దాని చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడిన ధూళిపొరలను చూశారు. పొరకూ పొరకూ మధ్య 200 నుంచి 800 ఏళ్ల ఎడం. చిక్కంతా ఇక్కడే. తార ఉబ్బి తగ్గే ఆవర్తనం రెండేళ్లలోపు. దాని గర్భంలోని ఉష్ణ విస్ఫోటాల మధ్య గడిచేవి వేల ఏళ్లు. ఈ ఎడం ఏ లెక్కకూ ఒదగలేదు.

2012లో చిలీలోని ఆల్మా రేడియో దూరదర్శినులు శిల్పి రాశిలోని ఆర్. తార చుట్టూ, సుమారు 1800 ఏళ్ల కిందటి విస్ఫోటం మిగిల్చిన వాయుపొర లోపల, ఒక సర్పిలాన్ని చూపాయి. కంటపడని తోడుతార ఆ వాయువును మెలిపెడుతున్నదని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. సింహరాశి తారకూ అటువంటి తోడు ఉన్నదన్న ప్రతిపాదన ఆ తరువాత బలపడింది.