రాజమాత మాట

గోరుముద్దలు తినిపిస్తూ "అనగనగా ఒక రాజు" అని చెప్పని తల్లి మనలో ఉందా? ఆ కథలే 1951లో విజయావారి 'పాతాళభైరవి'గా తెలుగులోను, తమిళంలోను తెరకెక్కాయి. తర్వాత జానపద చిత్రాలు తగ్గిపోయాయి. రాజమౌళిగారి 'బాహుబలి' 2015లో వచ్చి, వాటిని మళ్ళీ నిలబెట్టింది, హిందీవారినీ మెప్పించింది. "బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడు?" అని 2017లో రెండవ భాగం వచ్చేదాకా ఇంటింటా అదే చర్చ!

జవాబు మాత్రం మనకు కొత్తది కాదండీ. రాజమాత శివగామి అయినవాళ్ళు అల్లిన అబద్ధం నమ్మింది. తాను పెంచిన కొడుకును పిలిచి ఒక్కమాట అడగలేదు. చంపమని ఆజ్ఞ ఇచ్చేసింది. ఆమె మాటే శాసనం కదా!

ఆ యుద్ధాలూ, ఆ కోటలూ పిల్లలు మెచ్చుకోనివ్వండి. ఇంటి పెద్దరికం చేతికొచ్చిన మనం మాత్రం, కొడుకు మీదైనా కోడలి మీదైనా తీర్పు చెప్పేముందు వాళ్ళ మాట కూడా విందాం. ఏమంటారు?