కనాను వర్షదేవుడు బయలు – విగ్రహారాధన అనే భావన

1. పరిచయం

తెలుగు బైబిల్ చదివినవారికి ‘బయలు’ అనే పేరు పరిచయమే. హీబ్రూ ప్రవక్తలు తీవ్రంగా ఖండించిన కనాను దేవుడితడు. అయితే సుమారు వంద సంవత్సరాల క్రితం వరకు బయలు గురించి తెలిసినది చాలావరకు అతడిని వ్యతిరేకించినవారు రాసినదే. ఒక మతాన్ని దాని ప్రత్యర్థుల మాటల్లోనే చదివితే చరిత్రకారుడు దేన్ని కోల్పోతాడు? ఈ భాగం చదివిన తరవాత మీరు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలగాలి.

2. ఉగారిట్ ఫలకాలు

1928లో సిరియా మధ్యధరా తీరంలో పొలం దున్నుతున్న ఒక రైతుకు పురాతన సమాధి కనిపించింది. మరుసటి సంవత్సరం క్లోడ్ షేఫర్ నాయకత్వంలో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాలు ప్రారంభించారు. దగ్గరలోని రాస్ షమ్రా దిబ్బలో, క్రీ.పూ. 1200 ప్రాంతంలో నాశనమైన ఉగారిట్ నగరం బయటపడింది. అక్కడి మట్టి ఫలకాలపై బయలు ఆరాధకుల సొంత కథలున్నాయి. వాటి ప్రకారం బయలు ఉరుములకు, వానకు అధిపతి. అతడు సముద్రదేవుడు యామ్‌ను ఓడిస్తాడు. తరవాత మృత్యుదేవుడు మోత్‌కు లొంగి మరణిస్తాడు. పొలాలు ఎండిపోతాయి. అనాత్ దేవత మోత్‌ను సంహరించాక బయలు మళ్లీ బతికి వస్తాడు.

ఈ కథ ఆ ప్రజలకు ఎందుకంత ముఖ్యమో నేలను చూస్తే అర్థమవుతుంది. ఈజిప్టుకు నైలు నది ఉంది. కనాను రైతు మాత్రం శీతాకాలపు వానలపైనే ఆధారపడ్డాడు. వాన రాకపోతే కరవే. క్రీ.పూ. 8వ శతాబ్దానికి చెందిన హోషేయ ప్రవక్త కూడా ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఇచ్చేది బయలు కాదని, యెహోవా అని వాదించాడు. అంటే పంట అవసరం గురించి ఇరుపక్షాలకూ భేదం లేదు. పంటనిచ్చేది ఎవరన్నదే వివాదం.

3. ‘విగ్రహారాధన’ ఎవరి మాట?

తెలుగులో ఈ మాట రెండు విధాలుగా వినిపిస్తుంది. ఆలయ సంప్రదాయంలో అది ఒక పూజా పద్ధతికి పేరు. బైబిల్ అనువాదంలో అది పాపానికి పేరు. ఈ రెండో అర్థం ప్రవక్తల విమర్శ నుంచి వచ్చింది. ఒకే చెట్టు కలపలో సగంతో వంట చేసుకుని, మిగిలిన సగాన్ని దేవుడిగా చెక్కి మొక్కుతారని యెషయా గ్రంథం ఎగతాళి చేస్తుంది.

కాని మనిషి చేసిన వస్తువు దేవుడెలా అవుతుందనే ప్రశ్న ఆరాధకులకూ తెలుసు. మెసొపొటేమియాలో కొత్త ప్రతిమకు ‘నోరు కడగడం’ అనే క్రతువు జరిపేవారు. అందులో శిల్పుల చేతులను కొయ్యకత్తితో నరికినట్లు నటించేవారు. ప్రతిమను తాము చేయలేదని, దేవతలే చేశారని శిల్పులు ప్రమాణం చేసేవారు. యెషయా గ్రంథంలోని ఎగతాళిలో ఈ ఆలోచనకు చోటు లేదు.

ఇశ్రాయేలు సమాజంలోనూ అందరిదీ ఒకే మాట కాదు. సినాయి ఎడారిలోని కుంటిల్లెట్ అజ్రూద్‌లో దొరికిన క్రీ.పూ. 800 ప్రాంతపు శాసనాలు యెహోవాను, ‘అతని అషేరా’ను కలిపి పేర్కొంటాయి. అషేరా అంటే ఇక్కడ దేవతా, పూజాస్తంభమా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు యెరూషలేము ఆలయం నుంచే అషేరా ప్రతిమను తొలగించాడని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. కాబట్టి ఈ పోరాటం పరాయివారితోనే కాక, సొంతవారితోనూ సాగింది.

4. సారాంశం

‘విగ్రహారాధన’ అనే మాట ఆరాధకుల విశ్వాసం కంటే విమర్శకుల దృష్టినే ఎక్కువగా తెలుపుతుంది. విమర్శను తోసిపుచ్చనవసరం లేదు. అది కూడా ఆధారమే. అయితే దాని పక్కన ఆరాధకుల సాక్ష్యాన్నీ ఉంచి చదవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉగారిట్ ఫలకాలు బయలు గురించిన అవగాహనను ఎలా మార్చాయి?
2. మీకు తెలిసిన ఒక ఆచారాన్ని దాన్ని పాటించేవారు, విమర్శించేవారు ఎలా వర్ణిస్తారో పోల్చి రాయండి.