నాన్న రేడియోకి ఇప్పటి సెల్లు

తిత్లీ తుఫాను గుర్తుంది కదా మీకందరికీ? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు పోయింది, ఫోను టవర్లు మూగబోయాయి. వార్తలైనా విందామని అటక మీంచి నాన్న ట్రాన్సిస్టర్ దించేను. వెనక మూత తీస్తే ఏటుంది! ఎప్పుడో పెట్టి మరిచిపోయిన నాలుగు బ్యాటరీ సెల్లు కారిపోయి, స్ప్రింగులు చిలుమెక్కి ఉన్నాయి. కావలసిన రోజున రేడియో పలకలేదు.

అసలు రేడియో మన కల్లాల దాకా వచ్చిందే ఈ సెల్లు వల్ల. అంతకుముందువి వాల్వు రేడియోలు. కరెంటు లేని ఊళ్లో అవి పలకాలంటే వాల్వులు వేడెక్కడానికి ఒక బ్యాటరీ, అది కాక 90 వోల్టుల పెద్ద ప్యాకు ఇంకొకటి. ఏ బుగత ఇంట్లోనో తప్ప ఎవరు కొనగలరు? 1947లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు ట్రాన్సిస్టర్ కనిపెట్టారు. 1954లో వచ్చిన రీజెన్సీ జేబు రేడియోకి కూడా 22.5 వోల్టుల ప్రత్యేక బ్యాటరీయే కావలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సెట్లకి టార్చిలైటు సెల్లే సరిపోయాయి. నాలుగు పెడితే 6 వోల్టులు, ఆరు పెడితే 9. సంతలో దొరికే సరుకుతో రేడియో నడవడం, అదీ మార్పంటే.

విశాఖ ఆకాశవాణి 1963లో మొదలైంది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి వినే రోజులవి. ముల్లు 927 దగ్గర పెడితే విశాఖ, కాస్త జరిపితే 972లో కటక్ ఒడియా. ఇచ్ఛాపురం వైపు వాళ్లకి రెండూ సొంత స్టేషన్లే. తంజావూరు రైతులైతే రేడియోలో విని వేసిన ఏడీటీ-27 వరిని ‘రేడియో వరి’ అనే పిలిచేవారు. మా ఇంట్లో మాత్రం వార్తలయ్యాక నాన్న టక్కున కట్టేసేవారు, సెల్లు అయిపోతాయని. గొంతు నీరసపడితే సెల్లు తీసి ఎండలో పెట్టేవాళ్లం. మీరూ పెట్టే ఉంటారు. వేడికి లోపలి మందు మళ్లీ కాస్త పనిచేసి ఇంకో పూట పలికేది.

ఆ సెల్లుకి బయటి డబ్బాయే జింకు. కరెంటు ఇస్తూ అదే అరిగిపోతుంది. పల్చబడి చిల్లు పడితే లోపలి ద్రవం కారుతుంది. నా రేడియోకి జరిగిందదే. వంటసోడా నీళ్లు తడిపిన గుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టి, స్ప్రింగుల్ని ఉప్పుకాగితంతో రుద్దితే మళ్లీ పలికింది.

ఇప్పుడు ఏ సెల్లు పెట్టాలంటారా? 6 వోల్టుల సెట్టుకి ఛార్జింగ్ చేసుకునే నికెల్ సెల్లు నాలుగు పెట్టండి. ఒక్కోటి 1.2 వోల్టులే, మొత్తం 4.8. గొంతు కాస్త తగ్గుతుంది గానీ చాలా సెట్లు పలుకుతాయి. చిన్న సెల్లుని పెద్ద సెల్లు సైజు చేసే ప్లాస్టిక్ తొడుగులు కూడా దొరుకుతాయి. లిథియం దగ్గరే జాగ్రత్త. ఫుల్ ఛార్జిలో ఒక్కోటి 4.2 వోల్టులు, రెండు కలిపితే 8.4. 9 వోల్టుల సెట్టుకైతే సరిపోతుంది, ప్రొటెక్షన్ బోర్డు ఉన్న ప్యాకే వాడండి. 6 వోల్టుల సెట్టుకి మాత్రం వద్దు. వోల్టేజి తగ్గించే చిన్న బోర్డు మధ్యలో పెడదామంటే, అది మీడియం వేవ్ మీద గుయ్యిమంటుంది, స్టేషనే వినబడదు.

ఇంకోటి. పాత జెర్మేనియం సెట్లలో చాలావాటికి ప్లస్సే ఎర్తు. మా మేనల్లుడు నల్ల వైరు చూసి మైనస్ అనుకుని బయటి ప్యాకు తగిలించబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపేను. తిరగేసి ఇస్తే ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు, ఆ పాత రకం ఇప్పుడు దొరకడం కష్టం. వైరు రంగు నమ్మకండి, సెల్లు అరలో ఉన్న గుర్తే చూడండి.

నాన్న రేడియో ఇప్పుడు అటక మీద లేదు, దేవుడి గూటి పక్కనే ఉంది. సెల్లు మాత్రం లోపల పెట్టలేదు. విడిగా కవరులో చుట్టి, రేడియో పిడికి కట్టేను.