గర్భాశయ తొలగింపు అనంతర హార్మోన్ సమస్యలు: థైరాయిడ్, అండాశయ చికిత్సల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: థైరాయిడ్, అండాశయం – ఈ రెండు గ్రంథుల పనిని ఆధునిక వైద్యం చాలావరకు వాటిని తొలగించిన తరువాతనే తెలుసుకున్నది. థైరాయిడ్ తొలగించిన రోగులను మళ్ళీ పిలిపించి చూసిన వైద్యులు తమ పద్ధతిని మార్చుకున్నారు. గర్భాశయ, అండాశయ శస్త్రచికిత్సల విషయంలో ఆ అలవాటు అంత బలంగా ఏర్పడలేదు. ఈ తేడాకు గల చారిత్రక కారణాలను, గర్భాశయం తొలగించుకున్న స్త్రీలలో రెండు గ్రంథుల సమస్యలు కలగలిసే తీరును, తెలుగు రాష్ట్రాల పరిస్థితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గర్భాశయ తొలగింపు, అండాశయం, థైరాయిడ్, ఈస్ట్రోజెన్, ఆరోగ్యశ్రీ, స్త్రీల ఆరోగ్య చరిత్ర.

1. ప్రవేశిక

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడత (2015-16) గర్భాశయ తొలగింపును గురించి స్త్రీలను తొలిసారిగా వివరంగా ప్రశ్నించింది. 15-49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో దేశవ్యాప్తంగా 3.2 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. శస్త్రచికిత్స నాటికి దేశంలోని ఈ స్త్రీల మధ్యస్థ వయసు 34 సంవత్సరాలు. ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ఎందుకు జరిగింది అని సర్వే అడిగింది. గర్భాశయంతోపాటు అండాశయాలను కూడా తీశారా, ఉంచారా అన్న ప్రశ్న అందులో లేదు. ఆ స్త్రీ తరువాతి జీవితానికి సంబంధించినంతవరకు అసలు ప్రశ్న అదే. ఆ ప్రశ్న ఎందుకు తోచలేదో తెలియాలంటే దాదాపు నూట యాభై ఏళ్ళు వెనక్కు వెళ్ళవలసి ఉంటుంది.

2. బెర్న్ నగరంలో పునఃపరీక్ష

పందొమ్మిదవ శతాబ్దంలో స్విట్జర్లాండ్ కొండప్రాంతాలలో గొంతువాపు విపరీతంగా ఉండేది. బెర్న్ నగరపు శస్త్రవైద్యుడు థియోడర్ కోకర్ వాచిన థైరాయిడ్ గ్రంథిని నేర్పుగా, అతి తక్కువ రక్తస్రావంతో తొలగించడంలో పేరు పొందాడు. 1874లో ఆయన పదకొండేళ్ళ బాలికకు గ్రంథిని పూర్తిగా తీసివేశాడు. గాయం మానింది, శస్త్రచికిత్స విజయవంతమైనట్లే లెక్క. కొన్నేళ్ళకు ఆ బాలిక స్వభావమే మారిపోయిందని స్థానిక వైద్యుని ద్వారా ఆయనకు తెలిసింది. 1882లో జెనీవాకు చెందిన జాక్-లూయీ రెవెర్డాఁ తన రోగులలోనూ ఇటువంటి మార్పులను గమనించినట్లు వెల్లడించాడు. అప్పుడు కోకర్ తన పాత రోగులను తిరిగి రప్పించాడు. ఆ బాలిక ఎదుగుదల ఆగిపోయి, ఒకనాడు తనకంటే చిన్నదైన చెల్లెలు తనను దాటి పెరిగిపోయింది. గ్రంథిని పూర్తిగా కోల్పోయి పరీక్షకు వచ్చిన 18 మందిలో 16 మందిలో నిస్సత్తువ, మందబుద్ధి, వాపు కనిపించాయి. 1883లో జర్మన్ శస్త్రవైద్యుల సభలో కోకర్ దీనిని దాచకుండా చెప్పాడు. ఆ తరువాత ప్రాణాంతకం కాని వాపులకు గ్రంథిని మొత్తంగా తీయడం మానుకున్నాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

లోపాన్ని గుర్తించిన ఎనిమిదేళ్ళకే దాన్ని పూరించే ప్రయత్నం ఫలించింది. 1891లో న్యూకాజిల్ వైద్యుడు జార్జ్ మర్రే, థైరాయిడ్ లోపంతో బాధపడుతున్న 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆమె 1919 వరకు, 74 ఏళ్ళు వచ్చేదాకా జీవించింది. ఆమెకు అందిన మందుకు 870కి పైగా గొర్రెల గ్రంథులు అవసరమయ్యాయి. 28 ఏళ్ళపాటు ఒక రోగి చికిత్సకు ఇంత లెక్క నిలిచి ఉండడం గమనించదగినది. 1914లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేయగా, 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. నేడు లక్షలాది మంది తెల్లవారి పరగడుపున వేసుకునే మాత్ర వెనుక ఉన్న చరిత్ర ఇది.

3. నష్టమే ఫలితమైన చోట

అండాశయం కథ ఇందుకు భిన్నంగా నడిచింది. 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన రాబర్ట్ బాటీ, జర్మనీలోని ఫ్రైబర్గ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ హేగర్ కొద్ది వారాల తేడాతో స్త్రీల అండాశయాలను తొలగించారు. తీవ్రమైన ఋతుబాధలకు, నరాల జబ్బులుగా భావించిన వాటికి ముట్లుడగడమే మందు అని, ప్రకృతి ఆలస్యం చేస్తున్నదాన్ని కత్తితో ముందుకు తేవచ్చునని బాటీ నమ్మకం. వ్యాధి కనిపించని అండాశయాలను కూడా తీసివేయడం ఇందులోని ప్రత్యేకత.

రెండు గ్రంథుల చరిత్రలు వేరుపడింది ఈ చోటే. కోకర్ రోగిలో తరువాత కనిపించిన మార్పు ఆయనకు నష్టంగా తోచింది. బాటీ రోగిలో ముట్లు ఆగిపోవడం శస్త్రచికిత్స ఆశించిన ఫలితమే. ఒళ్ళు ఆవిర్లెత్తడం, నిద్ర పట్టకపోవడం అందులో భాగంగా కలిసిపోయాయి. ఫలితంగా లెక్కించినదాన్ని నష్టంగా గుర్తించడం కష్టం; గుర్తించనిదాని కోసం రోగిని మళ్ళీ పిలిపించవలసిన పనీ ఉండదు.

అండాశయం రక్తంలోకి ఏదో పదార్థాన్ని విడుదల చేస్తున్నదని వియన్నాలో రుడాల్ఫ్ క్రోబాక్ వద్ద పనిచేసిన ఎమిల్ క్నావర్ 1896లో కుందేళ్ళపై చేసిన ప్రయోగాలు సూచించాయి. 1929లో ఎడ్వర్డ్ డోయిసీ, అడాల్ఫ్ బ్యూటెనాండ్ వేర్వేరుగా ఈస్ట్రోన్‌ను వేరుచేశారు. 1942లో ప్రెమరిన్ అమెరికా మార్కెట్టుకు వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ పుస్తకం ‘ఫెమినైన్ ఫరెవర్’ ఈస్ట్రోజెన్‌ను యౌవనం నిలిపే మందుగా ప్రచారం చేసింది. 1975లో ఒంటరిగా ఇచ్చే ఈస్ట్రోజెన్‌కు, గర్భాశయపు లోపొర క్యాన్సర్‌కు సంబంధం ఉన్నట్లు వెల్లడైంది. అప్పటినుంచి గర్భాశయం ఉన్నవారికి ప్రొజెస్టోజెన్‌ను జోడించడం, లేనివారికి ఈస్ట్రోజెన్ మాత్రమే ఇవ్వడం ఆనవాయితీ అయింది.

ఈ తేడా సామాన్యులకు చేరలేదు. అమెరికాలోని ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ పరిశోధనలో జోడు హార్మోన్ల విభాగాన్ని 2002లో నిలిపివేసినప్పుడు రొమ్ముక్యాన్సర్ భయం ప్రపంచమంతా పాకింది. గర్భాశయం లేని 10,739 మంది స్త్రీల విభాగం 2004 వరకు సాగింది. అందులో పక్షవాతం ముప్పు పెరిగింది, తుంటి ఎముక విరుగుళ్ళు తగ్గాయి, రొమ్ముక్యాన్సర్ పెరగలేదు. ఆ స్త్రీల సగటు వయసు అరవై దాటింది. ముప్పై అయిదేళ్ళకే అండాశయాలు కోల్పోయిన స్త్రీకి ఆ భయాన్ని యథాతథంగా అన్వయించడం ఆధారం లేని పని.

4. రెండు చీటీలు, ఒకే మనిషి

గర్భాశయాన్ని తొలగిస్తే థైరాయిడ్ నేరుగా దెబ్బతింటుందని చెప్పలేము. అయినా ఈ రెండింటి ముడి గట్టిదే, అది శస్త్రచికిత్సకు ముందే మొదలవుతుంది. థైరాయిడ్ లోపం కొందరిలో అధిక ఋతుస్రావానికి కారణమవుతుంది. అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీవైద్య సమాఖ్య 2011లో ప్రకటించిన వర్గీకరణ కూడా దీనిని అసాధారణ రక్తస్రావానికి గల కారణాలలో గుర్తించింది. జాతీయ సర్వేలో శస్త్రచికిత్సకు కారణంగా సగానికి పైగా స్త్రీలు చెప్పింది అధిక రక్తస్రావమే. వారిలో ఎందరికి ముందుగా రక్తపరీక్ష జరిగిందన్నది సర్వే అడిగిన ప్రశ్నలలో లేదు. మాత్రతో తగ్గగల రక్తస్రావానికి అవయవాన్నే తీసివేసినచోట అసలు జబ్బు శరీరంలో అలాగే మిగిలిపోతుంది.

శస్త్రచికిత్స తరువాత చిక్కు మరింత ముదురుతుంది. అండాశయాలను ఉంచినప్పటికీ అవి ముందుగానే అలసిపోవచ్చు. న్యూజిలాండ్‌లో జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో, గర్భాశయం తొలగించుకున్నవారిలో అండాశయాల పని సగటున 3.7 సంవత్సరాలు ముందుగా ఆగిపోయింది. ముట్లు ఎలాగూ రావు గనుక ఈ మార్పును చెప్పే గుర్తు ఆ స్త్రీకి ఉండదు. నీరసం, బరువు, జుట్టు రాలడం, మనసు బాగుండకపోవడం థైరాయిడ్ లోపంలోనూ ఉంటాయి, ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడూ ఉంటాయి. ఏది దేనివల్లో పరీక్ష లేకుండా తేలదు. ఆపరేషన్ అయ్యింది కదా, అలాగే ఉంటుంది అన్న మాటతో ఇంట్లోవారు, ఒక్కోసారి వైద్యులు కూడా ఆ సంగతిని ముగించివేస్తారు.

మందుల దగ్గర కూడా ఈ రెండు చరిత్రలు ఎదురుపడతాయి. నోటిద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ కాలేయంలో థైరాక్సిన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను పెంచుతుంది. అందువల్ల స్వేచ్ఛగా పనిచేసే హార్మోన్ తగ్గుతుంది. ఆరోగ్యవంతమైన గ్రంథి ఎక్కువ తయారుచేసి సర్దుకుంటుంది, మాత్ర మీద ఆధారపడినవారికి ఆ వెసులుబాటు లేదు. థైరాయిడ్ లోపం గల 25 మంది స్త్రీలపై అరఫా చేసిన అధ్యయనం (2001) ఈస్ట్రోజెన్ మొదలుపెట్టిన తరువాత వారిలో కొందరికి థైరాక్సిన్ మోతాదు పెంచవలసి వచ్చిందని చూపింది. చర్మంపై అతికించే ఈస్ట్రోజెన్ పట్టీలతో ఈ ఇబ్బంది అంతగా ఉండదు. స్త్రీవైద్యులు రాసిన చీటీ ఒకటి, థైరాయిడ్ వైద్యులు రాసిన చీటీ మరొకటిగా ఉండి, ఒకరిది ఒకరు చూడనప్పుడు మోతాదు తప్పడం సహజం.

5. తెలుగు రాష్ట్రాలలో

రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమైంది. పేద కుటుంబాలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరిచిన ఘనతను దానికి కాదనలేము. అయితే ఈ పథకపు మూలస్వరూపం ప్యాకేజీ: ఇంత శస్త్రచికిత్సకు ఇంత మొత్తం. అనవసరంగా గర్భసంచి తీస్తున్నారన్న ఆరోపణలు పెరగడంతో ప్రభుత్వం తరువాతి కాలంలో పథకం కింద ఈ శస్త్రచికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేసింది. కానీ దేశంలో ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలోనే జరుగుతున్నట్లు అదే సర్వే చెబుతున్నది. పథకం బయట సొంత డబ్బుతో, అప్పుతో చేయించుకునేవారికి ఆ పరిమితి వర్తించదు.

పిల్లలు చాలనుకుని ఇరవైలలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకునే ఆచారం తెలుగునాట బలంగా ఉంది. ఆ తరువాత గర్భసంచిని పని తీరిన సంచిగా చూసే ధోరణి పెరిగింది. ‘సంచి’ అన్న మాటలోనే ఆ అవయవాన్ని ఖాళీ పాత్రగా ఊహించే చూపు ఉంది. అండాశయానికి వాడుక తెలుగులో అంత స్థిరపడిన పేరు లేదు. ‘సంచి తీశారు’ అని చెప్పే స్త్రీకి దానితోపాటు ఇంకేమి తీశారో చెప్పే మాట అందుబాటులో ఉండదు.

అనవసర గర్భాశయ తొలగింపులపై 2013లో సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యం బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని సంఘటనల ఆధారంగా వచ్చింది. 2023 ఏప్రిల్ 5న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. సర్వే లెక్కలలో అగ్రస్థానంలో ఉన్న రెండు తెలుగు రాష్ట్రాలు ఆ వ్యాజ్యానికి ఆధారమైన సంఘటనలలో లేవు. జిల్లా స్థాయి పర్యవేక్షక కమిటీలు ఇకముందు జరిగే శస్త్రచికిత్సల అవసరాన్ని విచారిస్తాయి. 2015-16 నాటికే ఆ శస్త్రచికిత్స జరిగిపోయిన 8.9 శాతం, 7.7 శాతం స్త్రీలలో అత్యధికులు ఇప్పుడు నలభైలలో, యాభైలలో ఉన్నారు.