వంశవృక్షంలో కనిపించని కొమ్మలు

నదీమూలం, ఋషిమూలం విచారించరాదని మన పెద్దలు అన్నారు. అయినా మనిషి తన మూలాన్ని విచారించకుండా ఉండలేడు. సంసారం ఒక దారిన పడి, కాస్త తీరిక చిక్కగానే "మనం ఎవరం? ఎక్కడి నుంచి వచ్చాం?" అన్న ప్రశ్న తలెత్తుతుంది. సముద్రాలు దాటి వచ్చిన కుటుంబాల్లో ఈ ప్రశ్న మరీ బలంగా వినిపిస్తుంది. దానికి జవాబు వెతికిన కొన్ని పుస్తకాలను గురించి, పాఠకుల్లో ఒకరిగా నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ మనవి చేస్తాను.

ముందుగా మనం నివసిస్తున్న ఈ నేల సంగతి. టూంగాబీ అన్న పేరు ఇక్కడి దరుగ్ ప్రజలలోని ఒక తెగ పేరు నుంచి వచ్చిందంటారు. 1791లో తెల్లదొరల ప్రభుత్వం ఇక్కడ వ్యవసాయ క్షేత్రం పెట్టి, ఇంగ్లండు నుంచి తెచ్చిన ఖైదీల చేత అడవి నరికించింది. ఆ ఖైదీల పిల్లలు, మనవలు తమ తాత సంకెళ్లతో వచ్చాడని చాలాకాలం పైకి చెప్పుకోలేదు. కాలం మారింది. 1788లో దిగిన మొదటి ఓడల దండు వారసులు 1968లో తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఒకనాడు దాచిన పేర్లను నేడు గర్వంగా చెప్పుకుంటున్నారు.

ఇలాగే దాచిపెట్టిన మూలం గురించిన పుస్తకం ఒకటి మనవాళ్లందరూ చదవదగ్గది. శాలీ మోర్గాన్ రాసిన "మై ప్లేస్" 1987లో వెలువడింది. పెర్త్ నగరంలో పెరిగిన ఆ అమ్మాయిని బడిలో "మీరే దేశం వాళ్లు?" అని అడిగితే, ఇండియా వాళ్లమని చెప్పమంది తల్లి! నిజానికి వాళ్లు ఈ దేశపు ఆదివాసులు. ఆదివాసుల పిల్లలను తల్లుల ఒడి నుంచి ప్రభుత్వం లాక్కుపోయిన రోజులవి. ఆ భయంతో తల్లీ అమ్మమ్మా నిజాన్ని దాచారు. పదిహేనేళ్ల వయసు వచ్చాకగాని శాలీకి అసలు సంగతి తెలియలేదు. తర్వాత ఆమె అమ్మమ్మ అన్నను, తల్లిని, అమ్మమ్మను అడిగి, ఎవరి కథను వారి నోటనే చెప్పించింది. అమ్మమ్మ మాత్రం కొన్ని సంగతులు చెప్పకుండానే కన్నుమూసింది. పుస్తకంలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయినది ఆ చెప్పని భాగమే.

మనలోనూ ఇటువంటి మౌనం లేదా? 1879 నుంచి 1916 వరకు సుమారు 60,000 మంది గిరిమిటు కూలీలుగా ఫిజీ చేరారు. 1903 నుంచి మద్రాసు రేవు గుండా వెళ్లినవారిలో విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. 1860లో నాటాలుకు కూలీలను చేర్చిన మొదటి ఓడ "ట్రూరో" కూడా మద్రాసు నుంచే బయలుదేరింది. ఫిజీకి పోయేవారికి ఇచ్చిన పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది మచ్చలు అన్నీ రాసుకున్నారు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. మచ్చకు దొరికిన చోటు ఇంటిపేరుకు దొరకలేదు! తర్వాతి తరాల్లో తాత పేరో, తండ్రి పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. 1987 సైనిక తిరుగుబాటు తర్వాత ఫిజీ నుంచి సిడ్నీ వచ్చి స్థిరపడినవారిలో వీరి మనవలు, మునిమనవలు ఉన్నారు. చెరకు తోటల్లో, కూలీ లైన్లలో పడిన బాధలను పెద్దలు పిల్లలకు చెప్పడానికి వెనుకాడారు. వారి మౌనం అర్థం చేసుకోదగ్గదే. కాని దానివల్ల ఊరి పేరు కూడా మాసిపోయిన ఇళ్లు ఎన్నో.

తెలుగులో స్వీయచరిత్రలకు లోటు లేదు. వీరేశలింగం పంతులుగారు 1910ల దశకంలో తమ చరిత్ర తామే రాసి దారి వేశారు. వారి ఇంటిపేరులోనే కందుకూరు అనే ఊరుంది. అయితే చాలాకాలం పేరుపడ్డవారి జీవితాలే పుస్తకాలకు ఎక్కాయి. ఆ లోటు తీర్చినవాటిలో వై. బి. సత్యనారాయణగారి "మా నాయన బాలయ్య" ఒకటి. ఇంగ్లీషులో 2011లో వచ్చి, తర్వాత తెలుగైంది. కరీంనగర్ జిల్లాలోని దళిత కుటుంబం కథ అది. రచయిత ముత్తాత కుట్టిచ్చిన చెప్పులకు మెచ్చి నిజాం 50 ఎకరాలిస్తే, ఊరి దొర రెండెకరాలు మిగిల్చి తక్కినది లాక్కున్నాడు. ఆ ఇంటి తర్వాతి తరాలు రైల్వే పనుల్లో చేరి, పిల్లలకు చదువులు చెప్పించుకున్నాయి. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన "యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్" కూడా ఈ కోవలోదే. న్యూయార్కు సబ్‌వే రైళ్లలో కండక్టరుగా పనిచేస్తూ ఆమె తన తల్లి మంజులను, శివసాగర్‌గా పేరొందిన మేనమామ సత్యమూర్తిని ఏళ్ల తరబడి ప్రశ్నించి రాసిన పుస్తకమది. మేనమామ పోరాటాన్ని గౌరవిస్తూనే ఆయన లోపాలనూ దాచలేదు. ఈ రెండింటిలోనూ గొప్పలు చెప్పుకోవడం లేదు. అవమానం కూడా చరిత్రేనని ఒప్పుకునే ధైర్యముంది.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. అలెక్స్ హేలీ "రూట్స్" 1976లో వచ్చి లోకాన్ని కదిలించింది; ఎందరినో తాతల కోసం వెతికించింది. కాని అందులోని వంశక్రమానికి రుజువులు నిలవవని తర్వాత పరిశోధకులు చూపారు. తెలిసింది తెలిసినట్టు, ఊహించింది ఊహగా రాయాలి. లేనిపోని రాజవంశాలను తగిలించుకుంటే పిల్లలు నమ్మరు, నమ్మినా లాభం లేదు.

మరొక మాట. మన వంశవృక్షాలు తండ్రి, తాత, ముత్తాత అని మగవారి వెంటే నడుస్తాయి. ఆడపడుచు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. ఆమె మనవలకు ఆమె పుట్టింటి పేరు తెలియదు. పుట్టిన ఊరు విడిచి, భాష తెలియని చోట కాపురం నిలిపి, పిల్లలకు తెలుగు మాట నేర్పిన ఆ తల్లులు లేని చరిత్ర సగం చరిత్రే. శాలీ, సుజాత ఇద్దరూ తల్లుల నోటి నుంచి కథలు రాబట్టారని మరువరాదు.

కనుక సోదర సోదరీమణులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో ఉంటే ఒక నోటుపుస్తకం తీసుకుని ఎదుట కూర్చోండి. వారి ఊరేది, అమ్మమ్మ పుట్టింటివారి ఇంటిపేరేమిటి, ఇల్లు విడిచినది ఏ సంవత్సరం, ఎందుకు విడిచారు అని అడగండి. చెప్పడానికి ఇష్టపడని చోట ఆగండి, మరొక రోజు మళ్లీ అడగండి. ఫిజీ నుంచి వచ్చినవారికి సూవాలోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఆ పాసులు ఉన్నాయి. అందులో గ్రామం పేరు దొరకవచ్చు. విన్నది వారి మాటల్లోనే, తేదీ వేసి రాయండి. పది పేజీలైనా చాలు. అచ్చు కాకపోయినా ఫరవాలేదు. టూంగాబీలో పుట్టిన మన పిల్లల్ని రేపు ఎవరైనా "మీరెవరు?" అని అడిగితే, ఎవరికీ భయపడకుండా, ఏదీ దాచకుండా జవాబు చెప్పుకోవడానికి ఆ పది పేజీలు అక్కరకు వస్తాయి.